పెద్దల్లుడి బోణీ బేరం

అనగనగా ఒక రేవూళ్ళో, బట్టల ఓడలు నడిపే కోటయ్యశెట్టికి ఇద్దరల్లుళ్ళు. పెద్దల్లుడు పానకాలు కొట్లో బట్టలు కొలిచేవాడు, చిన్నల్లుడు గురవయ్య సముద్రం దాటి దీవిలో అమ్మొచ్చేవాడు. ఓడల సంగతి నాకేం తెలుసర్రా, గోదారిలో పడవెక్కితేనే కళ్ళు మూసుకునేదాన్ని. ఊ కొడుతున్నారా?

గురవయ్య వచ్చాడంటే శెట్టి వీధిగుమ్మం దాకా ఎదురెళ్ళేవాడు. ముందు విస్తరి అతనికి, ముందు నెయ్యి అతనికి, ముందు పలకరింపు అతనికి. పానకాలు దాకా నెయ్యి వచ్చేసరికి అన్నం చల్లారిపోయేది. కడుపులో కుళ్ళు, కుళ్ళులో మంట, ఆ మంటమీద పెళ్ళాం చల్లే ఉప్పు: "మా చెల్లెలి మొగుడు సముద్రాలు దాటాడు. మీరు గుమ్మం దాటాలంటే గొడుగు అడుగుతారు!"

అంతే, రోషం పొడుచుకొచ్చింది. ఈసారి ఓడ నేనెక్కుతానన్నాడు. అక్కడి మర్యాదలు వేరు, చెబుతా విను అన్నయ్యా అని గురవయ్య అంటే, బట్టలమ్మడం నాకు నువ్వు నేర్పుతావుటోయ్ అని చెవులు మూసుకున్నాడు.

శెట్టి ఒకే మాటన్నాడు: "వెళ్ళు నాయనా. సరుకు వెనక్కొస్తే మాత్రం, నా తరవాత కొట్టు చిన్నవాడిది."

దీవిలో దుకాణం తెరిచాడు. మొదటి బేరం వచ్చింది. బోణీ బేరం వదిలితే మనకి రోజంతా పాడు కదా! చెయ్యి పట్టుకున్నాడు. ధర తగ్గించాడు. వీధిలోకి పరిగెత్తి మరీ తగ్గించాడు. మొదటివాడు పారిపోయాడు, వాణ్ణి చూసి రెండోవాడు, వాళ్ళిద్దర్నీ చూసి వీధి వీధంతా! మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే.

చివరికి కాళ్ళు వాచి, ఇక కొట్టు గురవయ్యదేననుకుని, గోడకి చేరబడ్డాడు. ఒక ముసలమ్మ వచ్చి బట్ట తడిమింది. ఇతను కదల్లేదు. ఆవిడ నవ్వి రెండు తాన్లు కొని, వచ్చీరాని మన మాటల్లో చెప్పింది: "వెంటపడి అమ్మితే మా ఊళ్ళో అది శవం మీంచి తీసిన బట్టంటారయ్యా, ఎవరూ ముట్టరు."

ఓరి నా చెవులో, గురవయ్య చెప్పబోయింది ఇదేనా అని నెత్తి కొట్టుకున్నాడు. ఆ పూటనించీ నోరు మూసుకు కూర్చున్నాడు. సరుకంతా అమ్ముడైపోయి ఓడ ఖాళీ!

పానకాలు తిరిగొచ్చాక శెట్టి పొంగిపోయి, కొట్టు ఇద్దరిదీ అన్నాడు. గురవయ్య మొహం మాడింది. అసూయ ఎక్కడికీ పోలేదర్రా, అన్నని దిగి తమ్ముణ్ణెక్కింది! శెట్టి కనిపెట్టి ఇద్దర్నీ ఒకే ఓడెక్కించాడు. గట్టు కనుమరుగయ్యేసరికి ఇద్దరికీ వాంతులే. ఎన్నిసార్లెళ్ళినా గురవయ్యకి కెరటం పడదట, ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదట! ఒకరి నుదురు ఒకరు పట్టుకుంటూ నవ్వుకున్నారు.

చూసొచ్చినవాడి మీద కుళ్ళుకుంటే కుళ్ళుకోండి గానీ, చెవులు మాత్రం మూసుకోకండి. కథ కంచి దారి పట్టింది, మీరిక దుప్పట్లోకి దూరండి.