పెట్టెలో చప్పుడు

ఎర్రకొండ దర్గా దవాఖానాలో కంప్యూటరు మేలుకోవడానికి ఏడు నిమిషాలు పడుతోంది. వారం రోజులుగా ఇలియాస్‌కి అన్నం సయించడం లేదు, నిద్రా సరిగ్గా పట్టడం లేదు.

అది ఎవరో ఇచ్చిపోయిన పాత డొక్కే అయితే ఇంత బాధ ఉండేది కాదు. దాన్ని కొత్తగా చేసింది తనే. బెంగుళూరు కంపెనీలో పదకొండేళ్లు వేల కంప్యూటర్ల బాగోగులు చూసిన మనిషి. మనసు విరిగి, ఉద్యోగం వదిలేసి, రెండేళ్ల కిందట ఫక్రుద్దీన్ పీర్ సాహెబు దగ్గర శిష్యుడిగా చేరాడు. ఇక్కడ కట్టెలు కొట్టమన్నా, ఎంగిలి గిన్నెలు తోమమన్నా తల వంచుకుని చేశాడు. కంప్యూటరు మాట వస్తే మాత్రం ఆ తల కాస్త పైకి లేచేది.

దవాఖానా వారానికొక్క రోజు, గురువారం. టౌను నుంచి డాక్టరు వసుంధర బస్సులో వస్తుంది. చుట్టుపక్కల ఇరవై ఊళ్ల జనం వస్తారు. ఎవరికి ఏ జబ్బు, ఏ మందు పడింది, ఏది పడలేదు, అన్నీ ఆ కంప్యూటరులోనే ఉన్నాయి.

"ఎస్‌ఎస్‌డీ అని కొత్త రకం డ్రైవు వేస్తున్నాను హజ్రత్. బిస్మిల్లా అనేలోపు తెరుచుకుంటుంది చూడండి," అన్నాడు ఇలియాస్, దాన్ని బిగించిన రోజున.

పీర్ సాహెబు తల ఊపాడు.

బిస్మిల్లా అన్నారు. ఫాతిహా చదివారు. ఒకరిద్దరు టీ తాగి వచ్చారు. తెర మీద ఆ చిన్న గుండ్రం అలా తిరుగుతూనే ఉంది.

ఆ రోజు మొదలు ఇలియాస్ దాని వెంట పడ్డాడు. విండోస్ తీసేసి మళ్లీ ఎక్కించాడు. మర్నాడు ఇంకోసారి ఎక్కించాడు. తెరుచుకునేటప్పుడు తమంతట తామే మొదలయ్యే ప్రోగ్రాములన్నీ ఆపేశాడు. కొత్త డ్రైవు కేబుల్ మార్చాడు. బెంగుళూరు పాత స్నేహితులకు ఫోన్లు చేసి, వాళ్లు చెప్పింది వినకుండానే "అది నేను చూశాలే" అని పెట్టేశాడు. నమాజులో నిలబడితే కళ్ల ముందు ఆ గుండ్రమే తిరిగింది. సజ్దాలో నుదురు నేలకు ఆనించి ఉండగా కొత్త ఉపాయం ఒకటి తట్టింది. సలాం చెప్పీ చెప్పకముందే లేచి పరుగెత్తాడు.

అదీ పనిచేయలేదు.

గురువారం వచ్చింది. వరండా నిండిపోయింది. పదిన్నరకు కరెంటు పోయి, రెండు నిమిషాలకు తిరిగి వచ్చింది. కంప్యూటరు మళ్లీ మొదటికొచ్చింది.

సరిగ్గా అప్పుడే చెన్నమ్మ అనే ఆమె నాలుగేళ్ల కొడుకును భుజాన వేసుకుని లోపలికి వచ్చింది. పిల్లవాడి పేరు ఓబులేసు. ఒళ్లు పెనంలా కాలుతోంది, కళ్లు తేలేస్తున్నాడు.

డాక్టరు చూసి, వెంటనే ఇంజెక్షన్ పడాలంది. చెన్నమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"పోయిన ఏడు ఈడనే ఒక సూదేస్తే మొగమంతా వాచిపోయి ఊపిరాడలేదమ్మా. మీ కంటే ముందుండే డాక్టరమ్మ ఆ మందు పేరు కంప్యూటర్లో రాసుకునింది. అది మాత్రం వెయ్యద్దు తల్లీ."

"పేరు గుర్తుందా?"

"నాకేం తెలుస్తాదమ్మా."

డాక్టరు ఇలియాస్ వైపు తిరిగింది. "త్వరగా చూడండి."

గుండ్రం తిరుగుతోంది. ఇలియాస్ మౌస్ కదిపాడు. కీబోర్డు మీద కొట్టాడు. మూడు నిమిషాలు గడిచాయి. ఇక ఆగలేక బటన్ నొక్కి పట్టుకుని ఆపేసి మళ్లీ ఆన్ చేశాడు. ఆ మూడు నిమిషాలూ నీళ్లపాలయ్యాయి. ఈసారి గుండ్రం కూడా రాలేదు, తెర నల్లగానే ఉండిపోయింది.

చెన్నమ్మ పిల్లవాడితో బల్ల పక్కన నేల మీద కూలబడింది. కంప్యూటరు పెట్టె ఆమె చెవి దగ్గరే ఉంది.

"సారూ, ఈ పెట్టెలో ఏందో..."

"కాస్త మాట్లాడకుండా ఉండమ్మా! చూస్తున్నానుగా!"

ఆమె నోరు మూసుకుంది. ఇలియాస్ మళ్లీ బటన్ మీద వేలు పెట్టాడు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. పైన ఫ్యాను పాత మోటారులా గరగరమంటోంది. బయట జనం గోల.

"ఇంకో రెండు నిమిషాలు చూస్తాను," అంది డాక్టరు. "కాకపోతే టౌనుకు పంపేద్దాం. ఆ గతుకుల దారిలో గంట పడుతుంది. పిల్లవాడు తట్టుకుంటాడన్న నమ్మకం నాకు లేదు."

చెన్నమ్మ లేచి, కొడుకును ఎత్తుకునే గుమ్మం బయటికి వెళ్లింది. అక్కడ పీర్ సాహెబు ముసలివాళ్లకు కుండలో నీళ్లు ముంచి ఇస్తున్నాడు. ఆమె ఆయనతో ఏదో చెప్పింది. ఆయన చెంబు కింద పెట్టాడు.

ఇద్దరూ లోపలికి వచ్చారు. పీర్ సాహెబు నేరుగా గోడ దగ్గరికి వెళ్లి ఫ్యాను స్విచ్ ఆపేశాడు.

"హజ్రత్, ఉక్క..." అన్నాడు ఇలియాస్.

ఆయన జనం వైపు తిరిగి వేలు పెదవి మీద పెట్టుకున్నాడు. వరండా సద్దుమణిగింది. ఫ్యాను రెక్కలు నెమ్మదించి, నెమ్మదించి ఆగిపోయాయి.

"చెయ్యి తీసెయ్, బేటా."

ఇలియాస్ కీబోర్డు మీది నుంచి చెయ్యి తీశాడు.

"తల్లీ, నాకు చెప్పింది ఇప్పుడు చెప్పు."

చెన్నమ్మ భయంభయంగా ఇలియాస్ ముఖం చూసింది. "ఈ పెట్టెలో ఏందో గోరుతో కొట్టినట్టు కొట్టుకుంటా ఉండాది సామీ."

టక్. టక్. కాసేపు ఏమీ లేదు. మళ్లీ టక్.

ఇలియాస్‌కి వినిపించింది.

"నీ కొత్తది బాగా చప్పుడు చేస్తుందేం?" అడిగాడు పీర్ సాహెబు.

"కొత్తది చప్పుడు చేయదు హజ్రత్. దాంట్లో తిరిగేదేమీ..."

అప్పుడు గుర్తొచ్చింది. కొత్త డ్రైవులోకి అన్నీ ఎక్కించాక కూడా పాత హార్డ్ డిస్కును, ఎందుకైనా మంచిదని, లోపలే తగిలించి వదిలేశాడు తను. అది చచ్చిపోతోంది. కంప్యూటరు ప్రతిసారీ దాన్ని పిలిచి, జవాబు కోసం ఎదురుచూసి, మళ్లీ పిలుస్తోంది. విండోస్ ఎన్నిసార్లు ఎక్కిస్తే ఏం లాభం?

స్విచ్ ఆపి, పెట్టె మూత తీసి, పాత డిస్కుకున్న రెండు కేబుళ్లు లాగేశాడు. మూత కూడా పెట్టకుండానే ఆన్ చేశాడు.

గుండ్రం ఒకటి రెండు చుట్లు తిరిగిందో లేదో, తెర తెరుచుకుంది.

ఓబులేసు పేరు కొట్టి, మందు పేరు పైకి చదివాడు. డాక్టరు ట్రేలో సిద్ధంగా పెట్టుకున్న ఆ మందు సీసానే తీసి పక్కన పెట్టేసింది. బీరువా తెరిచి వేరే మందు తీసుకుంది.

మధ్యాహ్నానికి పిల్లవాడికి చెమట పట్టింది. మంచినీళ్లు అడిగాడు. చెన్నమ్మ అప్పుడు ఏడ్చింది.

ఇలియాస్ ఆమె ముందుకు వెళ్లి నిలబడ్డాడు. తను కసిరిన దానికి ఏదో అనాలని వెళ్లాడు. ఆమే అంది, "బాగైంది గదా సారూ, పొండి, జనం కాచుకోనుండారు."

సాయంత్రం డాక్టరు బస్సెక్కి వెళ్లాక, పీర్ సాహెబు కుండలు బోర్లిస్తుంటే ఇలియాస్ వెనకాలే నిలబడ్డాడు.

"లెక్కపెట్టాను హజ్రత్. ఇప్పుడు పన్నెండు సెకన్లే."

"మంచిది."

"మునుపు ఏడు నిమిషాలు పట్టేది."

"మరి మిగిలిన టైముతో ఏం చేస్తావు?"

ఇలియాస్ దగ్గర జవాబు చాలానే ఉంది. ఇంకా ఎక్కువ మందిని చూడొచ్చు, చీటీలు అచ్చు వేయించొచ్చు, ఊళ్ల వారీగా పట్టీలు తీయొచ్చు. నోరు తెరిచాడు. పీర్ సాహెబు చేతిలో కుండ పట్టుకుని, వింటాను చెప్పు అన్నట్టు అతని ముఖంలోకే చూస్తున్నాడు. ఇలియాస్ ఇంకో కుండ అందుకుని బోర్లించాడు.

తర్వాతి గురువారం మొదటి చీటీ మోకాళ్ల నొప్పులతో వచ్చిన ఒక అవ్వది. ఇలియాస్ కంప్యూటరు ఆన్ చేసి, కుర్చీని ఆమె వైపు తిప్పుకున్నాడు.

"చెప్పవ్వా."

అవ్వ మోకాళ్ల దగ్గర మొదలుపెట్టి, చచ్చిపోయిన బర్రెగొడ్డు మీదుగా, కోడలి దాకా వచ్చింది. తెర ఎప్పుడో తెరుచుకుంది. అతను అటు చూడలేదు.