మగతాయారు పూతరేకులు

పదకొండు వేల రూపాయల పెట్టుబడితో, ఒక పాత లాప్‌టాప్‌తో రావులపాలెంలో సాఫ్ట్‌వేర్ పని మొదలుపెట్టిన కిరీటి లెక్కల్లో చురుకైనవాడే కానీ, ఎవరేం చెప్పినా సగం విని మిగతా సగం తనే పూరించేసుకునేవాడు.

అతనికి దొరికిన ఒకే ఒక్క ఖాతాదారు మంగతాయారు. ఆవిడకు పూతరేకుల కొట్టు ఉండేది. కొట్టుకొచ్చిన ఆర్డర్లను పార్సిల్ కంపెనీ కంప్యూటరుకు చేరవేసే ప్రోగ్రాము కిరీటి రాశాడు. ఇటు నుంచి రిక్వెస్ట్ వెళ్లేది, అటు నుంచి రెస్పాన్స్ వచ్చేది.

"వెళ్లింది వెళ్లినట్టు, వచ్చింది వచ్చినట్టు లాగ్ అనే చిట్టాలో దాచుకోండి కిరీటిగారూ," అని పార్సిల్ కంపెనీ ఇంజనీరు సుల్తానా మొదటిరోజే చెప్పింది.

"అంత చాంతాడు ఎవరు చదువుతారండీ?" అని కిరీటి నవ్వేశాడు. అతని లాగ్‌లో ప్రతి ఆర్డరుకూ ఒకే ముక్క ఉండేది: 'పంపాం. సరేనన్నారు.'

ఒక సోమవారం మంగతాయారు ఫోన్ చేసింది. "ఒరేయ్ కిరీటీ, లేబుళ్ల మీద సున్న ఎగిరిపోతోందిరా! ఆరు పార్సిళ్లు వెనక్కొచ్చాయి. ఎల్లుండి నందిగామ పెళ్లికి నలభై డబ్బాలు..."

"అర్థమైంది పిన్నిగారూ!" అని కిరీటి ఫోన్ పెట్టేశాడు. నలభైలో సున్న పోతే నాలుగు. విరుగుడు ఇంకో సున్న. డబ్బాల సంఖ్య పక్కన ఒక సున్న చేర్చమని ప్రోగ్రాముకు చెప్పి, హాయిగా కాఫీ తాగాడు.

మర్నాడు పొద్దున్నే కొట్టు ముందు పార్సిల్ కంపెనీ లారీ ఆగింది.

"నాలుగొందల డబ్బాలెక్కడున్నాయండీ?" అని హమాలీ అడిగాడు.

కబురందుకుని కిరీటి పరుగెత్తాడు. మంగతాయారు గుమ్మంలోనే పట్టుకుంది. "నాలుగొందలా! పెళ్లికొడుకుని కూడా రేకులో చుట్టమంటావా? నేనన్నది అంకెల సున్న కాదురా, అక్షరం పక్కన సున్న! ఇది చదువు."

వెనక్కొచ్చిన పార్సిల్ మీద పంపినవారు 'మగతాయారు' అని, బందరుకు బదులు 'బదరు' అని ఉంది.

"నాకు యాభై ఏళ్లు. ఇన్నేళ్లలో నన్ను మగాణ్ణి చేసినవాడివి నువ్వొక్కడివే! సాయంత్రం బండికి పెళ్లి డబ్బాలు సరైన పేరుతో ఎక్కకపోతే నీ ప్రోగ్రాము తీయించేస్తాను."

కిరీటి సుల్తానాకు ఫోన్ చేశాడు. "మీ కంప్యూటరు మా సున్నలు మింగేస్తోందండీ!"

"మీరేం పంపారో చదవండి."

"'పంపాం' అని ఉందండీ."

"అది మీరు రాసుకున్న మాట. వెళ్లిన మాట ఏది?"

కిరీటి ఫోన్ పెట్టేసి ప్రోగ్రాము తెరిచాడు. ఆ పూటే లాగ్‌లో రిక్వెస్టును, రెస్పాన్సును ఉన్నవున్నట్టు పడేలా మార్చి, బందరు ఆర్డరును మళ్లీ పంపి చూశాడు. 'మగతాయారు' అతని దగ్గరే మగతాయారై బయల్దేరింది! ఎవరో ఫోను నంబరు ముందు అంకెల సున్నకు బదులు తెలుగు సున్న కొడితే, దాన్ని తీసెయ్యమని కిందటి వారం అతనే ప్రోగ్రాములో ఒక వరుస రాశాడు. అది ఫోను నంబరు దగ్గర ఆగకుండా పేర్లనూ ఊళ్లనూ ఊడ్చేస్తోంది. వచ్చిన రెస్పాన్స్ అంతకన్నా సిగ్గుచేటు: 'స్వీకరించాం. హెచ్చరిక: బదరు అనే ఊరు మా జాబితాలో లేదు.' అన్నాళ్లూ అతని లాగ్ దాన్నే 'సరేనన్నారు' అని రాసిపెట్టింది.

కిరీటి ఆ వరుసను సరిచేశాడు, తను చేర్చిన సున్నను చెరిపేశాడు, సుల్తానాకు క్షమాపణ చెప్పాడు. సాయంత్రం నలభై డబ్బాలు మంగతాయారు పేరుతోనే నందిగామ బండెక్కాయి.

"బతికిపోయావు," అంది మంగతాయారు. "ఆ ఆరుగురి సంగతేమిటి?"

పార్సిళ్లు అందని ఆరుగురి నంబర్లూ ముందు పెట్టుకుని, వాళ్లు తిట్టేది తిట్టినట్టు రాసుకోవడానికి కిరీటి కాగితం తీసి, మొదటి నంబరు నొక్కాడు.

నీతి: ఎదుటివారి మాటనైనా మన మాటనైనా ఉన్నదున్నట్టు చూసుకోకుండా తప్పు ఎవరిదో తేల్చకూడదు.