అందరికీ అందిన వేషాలాట

అనగనగనగా, కొండలకూ కడలికీ నడుమ కుందవరమనే చిన్న రాజ్యం ఉండేదట. ఆ రాజ్యంలో బట్టల మీద బొమ్మలు గీసే మల్లసాని అనే పెద్దావిడ ఉండేది.

మల్లసాని గీసిన పటాల్లోకెల్లా గొప్పది వేషాలాట పటం. ఆడేవాళ్ళు తలా ఒక వేషం తీసుకోవాలి. ఒకరు రైతు, ఒకరు జాలరి, ఒకరు వైద్యురాలు, ఒకరు దొంగ. గవ్వలు వేసి, పడినన్ని గడులు నడవాలి. ఆగిన గడిలో ఏదో ఒక సంగతి ఎదురవుతుంది. వాన కురవదు. పెళ్ళి కుదురుతుంది. అడవిలో దారి తప్పుతుంది. అప్పుడేం చేయాలో ఆ వేషం కట్టినవాళ్ళే తేల్చుకోవాలి. వాళ్ళు తేల్చుకున్నదాన్ని బట్టి ఆట మలుపు తిరుగుతుంది.

అయితే ఆట మొదలుపెట్టాలంటే అరవై నాలుగు సూత్రాలు నోటికి రావాలి. బలానికి గురివింద గింజలు, ఓర్పుకు చింతపిక్కలు, మాట నిలుపుకున్నందుకు గచ్చకాయలు లెక్క చూసుకుంటూ ఉండాలి. అందుకని కొలువులో ఏడుగురు పండితులూ, రాజుగారూ తప్ప ఆ ఆట ఇంకెవరూ ఆడేవారు కాదు.

మల్లసానికి అదే గర్వం. "నా ఆట అందరికీ అంతుపట్టేది కాదు" అని లోలోపల మురిసిపోయేది.

ఒకసారి వీరనృపతి మహారాజుకు ఆటలో కాలువ చివరి రైతు వేషం వచ్చింది. ఆ ఆటలో ఆయన మడి ఎండిపోయింది. ఆ పూట రాజు విస్తరి ముందు కూర్చుని ఎంతసేపటికీ ముద్ద ఎత్తలేదు.

మర్నాడు మల్లసానిని పిలిపించాడు.

"మల్లసానీ, కాలువ నీళ్ళ కోసం ఎగువపాలెం వాళ్ళూ దిగువపాలెం వాళ్ళూ పోయినేడు కర్రలు పట్టుకున్నారు. ఈ ఏడు తూము ఎత్తి నీళ్ళు వదలడానికి ఇంకా నెల కూడా లేదు. ఈలోగా వాళ్ళచేత నీ ఆట ఆడించాలి. ఎండిన మడి ఎలా ఉంటుందో నాకు ఆటే చెప్పింది. వాళ్ళకు వీలుగా కాస్త సులువు చేసి ఇవ్వు."

"క్షమించండి ప్రభూ. ఒక్క గీత చెరిపినా అది నా ఆట కాదు" అంది మల్లసాని.

పక్కనే ఉన్న రంగశెట్టి అనే వర్తకుడు చేతులు జోడించాడు. "ప్రభూ, సంతలో ఏది చెల్లుతుందో నాకు తెలుసు. ఆ పని నాకు అప్పగించండి" అన్నాడు. రాజు సరేనన్నాడు.

మొదటి సంత వచ్చింది. శెట్టి సూత్రాలు తీసేశాడు, గింజలు తీసేశాడు. వేషాలు, గవ్వలు, గడులు మాత్రం ఉంచాడు. మల్లసాని కొంగు తల మీదికి లాక్కుని, ఒక చింతచెట్టు చాటున నిలబడి చూసింది.

ఒక కుమ్మరి ఇల్లాలికి దొంగ వేషం వచ్చింది. ఆమె ఆటలో ఒక మేకను దొంగిలించింది. మరుసటి గడిలో ఆ మేక గలామె ఏడుస్తూ ఎదురైంది. "అయ్యో, ఇచ్చేస్తానే తల్లీ! నా వల్ల కాదు ఈ దొంగతనం!" అని ఆమె చెంపలు వేసుకుంటే చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. పొద్దు వాలేదాకా పటం చుట్టూ జనం కదల్లేదు.

మల్లసాని కొంగు ఇంకాస్త ముందుకు లాక్కుంది. ఎవరికీ కనబడకుండా ఇంటికి వెళ్ళిపోయింది.

రెండో సంత వచ్చింది. శెట్టికి హుషారు పెరిగింది. "రైతు వేషం ఎవరికి కావాలి? అందరినీ రాజుల్ని చేస్తే రెట్టింపు జనం వస్తారు" అనుకున్నాడు. నిజంగానే పొద్దున్నే రెట్టింపు జనం వచ్చారు. మిట్టమధ్యాహ్నానికి ఒక గొల్లాయన విసుక్కుంటూ లేచాడు.

"నేనూ రాజునే, నా ఎదురుగా కూర్చున్నవాడూ రాజే. ఇంక ఆజ్ఞలెవరికియ్యాల, మా గొర్రెలకా?"

సగంమంది ఆయన వెనకే వెళ్ళిపోయారు.

మూడో సంత వచ్చింది. ఆట ఇంకా బరువుగా ఉందేమోనని శెట్టి తేల్చుకోవడం కూడా తీసేశాడు. గవ్వలు వేయడం, జరగడం, అంతే. చివరి గడికి ముందు చేరినవాళ్ళు గెలిచినట్టు. పిల్లలు కాసేపు ఆడి పరుగెత్తి పోయారు. పెద్దవాళ్ళు పటం మీద ఎండుమిరపకాయలు పోసి ఏరుకున్నారు. ఏమీ తోచక ఎగువవాళ్ళూ దిగువవాళ్ళూ మళ్ళీ నీళ్ళ మాటే ఎత్తారు. మాటా మాటా పెరిగింది. ఒకరి తలపాగా ఒకరు లాగి పారేశారు.

ఆ కబురు విని రాజు ముఖం చిన్నబోయింది. "ఇక ఆట మాట వద్దు. తూము దగ్గర భటుల్ని నిలబెడతాను" అన్నాడు. శెట్టి తల దించుకున్నాడు.

ఒక్క గీత చెరిపినా పాడవుతుందని ముందే చెప్పానుగా అనడానికి కొలువులోనే ఉన్న మల్లసాని నోరు తెరిచింది. కానీ కుమ్మరి ఇల్లాలి చుట్టూ పగలబడి నవ్విన జనం గుర్తొచ్చారు. ఆ మాట అనలేకపోయింది.

"ప్రభూ, నిజం చెబుతాను. మొదటి సంతలో శెట్టిగారు చేసింది మంచిపనే. నా కళ్ళతో చూశాను, చూసి కూడా ఓర్వలేకపోయాను. ఆ సూత్రాలు ఆటకు అవసరమై పెట్టినవి కావు, నా గొప్ప కోసం పెట్టుకున్నవి. ఆ తరవాత తీసినవే తీయకూడనివి. నాకొక్కసారి అవకాశం ఇవ్వండి. కాలువ గట్టు మీదే పటం పరుస్తాను."

రాజు సరేనని తల ఊపాడు.

శెట్టి తానే మొదటి సంతనాటి పటం మోసుకొచ్చి గట్టు మీద పరిచాడు. ఎగువపాలెం పెద్ద చెంగప్పనూ, దిగువపాలెం ఎల్లక్కనూ మల్లసాని బతిమాలి కూర్చోబెట్టింది. ఇద్దరూ ఎడమొహం పెడమొహంగా కూర్చున్నారు.

"చదవాల్సింది ఏమీ లేదు చెంగప్పా. గవ్వలు వెయ్యి, మిగతాది ఆడుతుంటే అదే తెలుస్తుంది. ఇదిగో, నీకు కాలువ చివరి రైతు వేషం. ఎల్లక్కా, నీకు కాలువ మొదటి రైతు."

చెంగప్ప ముఖం చిట్లించి గవ్వలు వేశాడు. నాలుగో గడిలో ఆగాడు.

"పైరు పొట్టమీద ఉంది, నీళ్ళు కావాల్సింది ఇప్పుడే. మూడు వారాలుగా నీ మడికి చుక్క రాలేదు. ఇంట్లో చూలాలైన కోడలు ఉంది. ఏం చేస్తావు?" అంది మల్లసాని.

"అడుగుతా."

"అడిగావు. పైవాళ్ళు రేపు రమ్మన్నారు."

"రేపూ పోయి అడుగుతా."

"మళ్ళీ రేపు రమ్మన్నారు."

"ఎన్నాళ్ళు తిప్పుతారవ్వా? గడ్డపార తీసుకుపోయి తూము పగలగొడతా!" అని చెంగప్ప నేల మీద గుద్దాడు. అన్నాక తానే బిత్తరపోయాడు. పోయినేడు దిగువవాళ్ళు సరిగ్గా అదే చేస్తే, వాళ్ళను దొంగలని అందరికంటే గట్టిగా తిట్టినవాడు తానే.

ఎల్లక్క వంతు వచ్చింది. ఆమె ఆగిన గడిలో కాలువ నిండుగా పారుతోంది, ఆమె మడి తడిసి ఉంది.

"కిందికి వదులుతావా, ఇంకా పెట్టుకుంటావా?"

"ఎందుకు వదలను?" అని చేయి చాపి, ఎల్లక్క ఆగింది. "మళ్ళీ నీళ్ళు ఎప్పుడొస్తాయి అవ్వా?"

"అది నీకు తెలియదు."

ఎల్లక్క చేయి వెనక్కి తీసుకుంది. మెల్లగా, "భయమేస్తుంది కదా చెంగప్పన్నా. నీళ్ళు రేపు రావేమోనని మీరు పట్టి పెట్టుకుంటారా? మేమింకా కొవ్వుపట్టి చేస్తున్నారనుకున్నాం" అంది.

చెంగప్ప తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "భయమేనమ్మా" అన్నాడు.

తూము ఎత్తేలోగా మిగిలిన మూడు రోజులూ గట్టు మీద ఎంతోమంది ఆడారు. ఇదంతా పనిలేని పని అని పటం వైపైనా చూడకుండా పోయినవాళ్ళూ ఉన్నారు. పండితులు మాత్రం తమ సూత్రాలు పోయాయని అలిగారు. వాళ్ళకు పాత పటమే ఉంచేసింది మల్లసాని.

తూము ఎత్తే రోజు రెండు ఊళ్ళవాళ్ళూ వచ్చారు. కొందరి చేతుల్లో కర్రలున్నాయి, కానీ పైకి లేవలేదు. ఎగువవాళ్ళకు నాలుగు రోజులు, దిగువవాళ్ళకు నాలుగు రోజులు అని వంతు వేసుకున్నారు. ఎప్పుడు నీళ్ళొస్తాయో అందరికీ ముందే తెలియడంతో, పట్టి పెట్టుకునే అవసరమూ, పగలగొట్టే అవసరమూ లేకపోయింది. ఆ ఏడు కాలువ చివరి మడిలో కూడా వరి పండింది.

పిల్లలూ, పదిమందికీ అందాలని దేన్నయినా సులువు చేసేటప్పుడు, అందులోని అడ్డాన్నే తీసేయాలి గాని ప్రాణాన్ని తీసేయకూడదు.