మేక కంటిలో అడ్డగీత

ఒకప్పుడు మేక కంటిపాప మన కంటిపాపలాగే గుండ్రంగా ఉండేది. గొంతు కూడా వణికేది కాదు. పిల్లను పిలిచిందంటే గంట కొట్టినట్టు ఖంగుమనేది.

ఆ రోజుల్లో ఖండోజి అని ఒకాయన తోలుబొమ్మలాట ఆడించేవాడు. బొమ్మలు ఆయన ఆడిస్తే, ఆడవాళ్ల మాటలన్నీ ఆయన భార్య రుక్కుబాయి పలికేది. వాళ్లింట్లో చుక్క అనే మేక, దానికొక పిల్ల. ఆ పిల్ల ఖండోజిని "నాయనా" అని పిలిచేది.

ఒక ఏడాది వానలు పడలేదు. ఊరివాళ్లు వచ్చి, "రామాయణం ఆడించు ఖండోజీ, వాన పడుతుంది" అన్నారు. తీరా బొమ్మల బుట్ట తెరిచి చూస్తే, సీతమ్మ బొమ్మను ఎలుకలు కొరికేశాయి. కొత్త బొమ్మకు తోలు కావాలి. కరువులో తోలు కొనడానికి డబ్బెక్కడిది?

ఖండోజి వెళ్లి చుక్క పక్కన కూర్చున్నాడు.

"చుక్కా, నువ్వు సీతమ్మవి అవుతావా?"

"అంటే చచ్చిపోవాలా?" అంది చుక్క.

"నా చేతిలో ఏ బొమ్మయినా చచ్చిందా? లేచి నిలబడతావు. నడుస్తావు. మాట్లాడతావు."

"నా పిల్లతో కూడా మాట్లాడతానా?"

ఖండోజి నేల చూపులు చూస్తూ "ఆఁ" అన్నాడు.

లోపలున్న రుక్కుబాయి విన్నది. "అబద్ధం!" అని అరవాలనుకుంది. అరవలేదు. ఇంట్లో గింజలు అయిపోయి మూడు రోజులైంది.

చుక్క నమ్మింది.

తోలు ఆరింది. పలచగా గీకారు, బొమ్మ కత్తిరించారు, చిల్లులు పొడిచారు, రంగులు అద్దారు. పొద్దుగూకగానే తెల్లటి తెర కట్టి, వెనక దీపం పెట్టారు.

తెరమీద సీతమ్మ లేచింది. నడిచింది. చెయ్యి చాచి ఏడ్చింది. జనమూ ఏడ్చారు.

"అమ్మా!" అని పిలిచింది పిల్ల. సీతమ్మ తల తిప్పలేదు. మళ్లీ పిలిచింది. అయినా తిప్పలేదు.

తెర కింద సన్నటి సందు ఉంది. పిల్ల మూతి నేలకు ఆనించి, అందులోంచి లోపలికి చూసింది. ఖండోజి చేతిలో వెదురు పుల్లలు. పుల్లలకు అమ్మ తోలు. మాటేమో రుక్కుబాయిది. ఆట అయ్యేదాకా పిల్ల రెప్ప వెయ్యకుండా అలా చూస్తూనే ఉండిపోయింది.

ఆట ముగిసేసరికి వాన దంచికొట్టింది. "బొమ్మకు ప్రాణం పోశావయ్యా!" అంటూ జనం ఖండోజిని భుజాలకెత్తుకున్నారు. పిల్లను ఎవరూ చూడలేదు.

అందరూ వెళ్లిపోయాక అది తడుస్తూ వచ్చి నిలబడింది.

"నాయనా, అమ్మచేత నన్నొక్కసారి పిలిపించు."

ఖండోజి బొమ్మను ఎత్తాడు. బొమ్మ చెయ్యి చాచింది. రుక్కుబాయి పిలవబోయింది. పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. ఊరందరినీ ఏడిపించిన గొంతు అది.

"అమ్మ చెయ్యి వణుకుతోందే!" అన్నాడు ఖండోజి, ఏదో ఒకటి అనాలని.

"అది నీ వణుకు నాయనా," అంది పిల్ల.

ఆ మాట అంటుంటే దాని గొంతు కూడా వణికింది. ఆ వణుకు మరి పోలేదు. సందులోంచి చూసిన కళ్లు సందులాగే ఉండిపోయాయి. "నాయనా" అని పిలవడం అదే ఆఖరు.

అప్పటినుంచే మేకల కంటిపాప సన్నగా, అడ్డంగా గీసిన గీతలా ఉంటుంది. అరిస్తే గొంతు వణుకుతుంది. ఎంత ముద్దుగా పెంచినా సరే, మనం చెయ్యి చాస్తే మేక మొదట ఒక అడుగు వెనక్కి వేస్తుంది.