గోరింట తలకు కట్టిన రుమాలు

చిత్రావతి ఒడ్డున ఉన్న ఆశ్రమంలో వీధికుక్కలను సాకే పని ఓబులేసుది. దెబ్బ తగిలినవాటిని, ఎవరో వదిలేసి పోయినవాటిని చేరదీసి, కోలుకున్నాక ఆదివారం వచ్చే భక్తుల్లో మనసున్నవాళ్లకు అప్పగించేవాడు. అతన్నీ చిన్నప్పుడు వాళ్ల అవ్వ ఇలాగే ఇక్కడి స్వామివారికి అప్పగించి పోయింది. అందుకేనేమో, అతనికి అది సేవ కాదు, చుట్టరికం.

ఒక్క గోరింట విషయంలోనే అతని మాట సాగలేదు. ఎర్రమట్టి రంగు కుక్క. ఒక చెవి సగమే ఉంది. రెండిళ్లకు వెళ్లింది, రెండిళ్ల నుంచీ తిరిగొచ్చింది. వచ్చినప్పుడల్లా గేటువైపు ముఖం పెట్టి పడుకునేది, ముద్ద ముట్టేది కాదు. ఇంకోసారి తిరిగొస్తే ఇది బతకదని ఓబులేసు దిగులు.

"స్వామీ, అంత చక్కగా చెప్పి పంపిస్తానే, ఎందుకు తెచ్చి వదిలేస్తున్నారు?" అని అడిగాడు.

స్వామి చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నారు.

"ఏం చెప్పి పంపిస్తావో ఆదివారం నేనూ వింటాలే" అన్నారు.

ఆదివారం పొద్దున్నే ఓబులేసు గోరింటకు కుంకుడుకాయలతో తలంటాడు. నుదుట బొట్టు పెట్టాడు. సగం చెవి కనబడకుండా తలకు పట్టు రుమాలు చుట్టి, పెళ్లిచూపుల పిల్లలా అరుగు మీద కూర్చోబెట్టాడు.

ధర్మవరంలో రవికెలు కుట్టే కుళ్లాయమ్మ వచ్చి దాని ఎదురుగా చతికిలబడింది.

"ఆవులాంటిదమ్మా. నోట్లో నాలుక లేదనుకో" అన్నాడు ఓబులేసు.

వెనకనుంచి స్వామి వచ్చారు. గోరింట తలమీది రుమాలు నెమ్మదిగా విప్పారు. దాంతో తన మొహం తుడుచుకొని భుజాన వేసుకున్నారు.

"ఊఁ, చెప్పు నాయనా" అన్నారు.

సగం చెవి బయటపడింది. కుళ్లాయమ్మ చూపు అక్కడే ఆగింది. ఓబులేసు ఒకసారి స్వామివైపు చూసి, ఆమెవైపు తిరిగాడు.

"కుక్కరు విజిలేస్తే ఏడుస్తుందమ్మా."

"ఎంతసేపు?"

"పప్పు ఉడికేదాకా."

"మా ఆయన నయం. పప్పు వడ్డించినాక మొదలుపెడతాడు. ఇంకా?"

"చెప్పులు కొరుకుతుంది. పాతవి ముట్టదు."

కుళ్లాయమ్మ నవ్వలేదు. గోరింటను ఇంకోసారి తేరిపార చూసింది. "ఆలోచించుకొని వస్తా నాయనా" అని లేచి వెళ్లిపోయింది.

ఆ వారమంతా ఓబులేసు స్వామితో ముభావంగానే ఉన్నాడు. నోటిదాకా వచ్చిన ముద్దను నేలపాలు చేశారని లోపల ఉడుకు. స్వామి మాత్రం ఆ రుమాలుతోనే మొహం తుడుచుకుంటూ తిరిగారు.

మరుసటి ఆదివారం కుళ్లాయమ్మ మళ్లీ వచ్చింది. చంకలో పాతచీరలతో కుట్టిన బొంత.

"కుక్కరును పెరట్లోకి మార్చినా. చెప్పులు తగిలించేదానికి గోడకు మేకులు కొట్టించినా. ఇంకేమన్నా మర్చిపోయినావేమో, గుర్తు చేసుకో."

ఓబులేసు నిజంగానే ఆలోచించాడు.

"ఉరుములంటే భయమమ్మా. ఒళ్లో తల పెట్టుకోవాలి."

"కుట్టుమిషను కాడ కూచుంటే ఒళ్లు ఖాళీగానే ఉంటాదిలే."

గోరింట బొంతను వాసన చూసి, ఆమె వెంట గేటు దాటింది. అది మలుపు తిరిగేదాకా ఓబులేసు అక్కడే నిలబడ్డాడు.

సాయంత్రం స్వామివారి కాళ్ల దగ్గర కూర్చొని, ఇన్నేళ్లలో ఎన్నడూ అడగని మాట అడిగాడు.

"స్వామీ, మా అవ్వ నన్నిక్కడ వదిలిన రోజు నా గురించి ఏం చెప్పింది?"

"పక్క తడుపుతాడంది. బెల్లం దొంగిలిస్తాడంది. కోపమొస్తే కరుస్తాడంది."

ఓబులేసు తల వంచుకున్నాడు. మెల్లగా అడిగాడు.

"మంచి ఒక్కటీ చెప్పలేదా?"

"చెప్పబోయింది" అన్నారు స్వామి. "అది నేను చూసుకుంటాలే తల్లీ, నువ్వు పోయిరా అన్నాను."