గిజిగాళ్ల బడిలో మెత్తన్న

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో వాగు మీదికి వంగిన తుమ్మచెట్టు మీద గిజిగాళ్ల బడి ఒకటి ఉండేది. పంతులు పేరు పసుపయ్య. వానలు పడేలోపు పిల్లలకు గూడు అల్లడం నేర్పడం ఆయన పని.

ఆ బడిలో జువ్వ అనేవాడికి కాలు నిలవదు. ఏది చూపించినా గబగబా అల్లేసి, "అయిపోయింది పంతులుగారూ!" అని అరిచేవాడు. ముడి బిగిసిందో లేదో చూసుకోడు. మెత్తన్న అనే ఇంకొకడు బాగా చూసి, ఆలోచించి గాని గడ్డిపోచ ముట్టుకోడు. నలుగురూ చూస్తుంటే వాడి ముక్కు వణికేది.

పసుపయ్యకు వేగమంటేనే ఇష్టం. జువ్వను రోజూ మెచ్చుకునేవాడు. ఒకనాడు మెత్తన్నను అందరి ముందూ నిలబెట్టి, "ఊఁ, ముడి వెయ్యి" అన్నాడు. పోచ జారిపోయింది. పిల్లలు నవ్వారు. మర్నాడూ అంతే. మూడోనాడు పసుపయ్య విసుక్కుని, "నీకు ఈ విద్య రాదురా" అన్నాడు.

మెత్తన్న బడి మానేశాడు.

వాడి తల్లి వచ్చింది. "అయ్యా, ఎవరూ చూడకపోతే మావాడు చక్కగా అల్లుతాడు. ఒక్కసారి పక్కన కూర్చోబెట్టుకుని చూడండి" అని బతిమాలింది.

"ఒక్కొక్కడికీ ఒక్కో బడి పెట్టలేనమ్మా" అన్నాడు పసుపయ్య. ఆమె తల వంచుకుని వెళ్లిపోయింది.

గాలివాన వచ్చింది. జువ్వ గూడు ముడులు ఊడి వాగులో కొట్టుకుపోయింది. మెత్తన్నకు అసలు గూడే లేదు. తలదాచుకునే చోటు లేని వాడి తల్లిని గాలి కొమ్మకేసి కొట్టింది. ఆమె రెక్క విరిగింది.

వాన వెలిశాక పసుపయ్య ఆ తల్లీకొడుకులను వెతుక్కుంటూ వచ్చాడు.

"అల్లడం తెలుసు కదా నాయనా, గూడు ఎందుకు కట్టలేదు?"

"నాకు రాదని మీరే చెప్పారు కదండీ" అన్నాడు మెత్తన్న.

పసుపయ్య వాణ్ణి మళ్లీ బడికి తీసుకెళ్లాడు.

ఆ తర్వాత ఆయన మెత్తన్నను చాటు కొమ్మ మీద కూర్చోబెట్టి, తానొక్కడే పక్కన ఉండి నేర్పాడు. జువ్వను మాత్రం ముడి ముడికీ ఒక చుట్టు ఎగిరి రమ్మనేవాడు. రాగానే, "ఇప్పుడు లాగి చూడు, ఊడుతుందేమో" అనేవాడు. ఇద్దరికీ విద్య వచ్చింది. తల్లి రెక్క మాత్రం అతకలేదు.

మెత్తన్న గూడు కట్టాడు. అన్నిటికన్నా కింది కొమ్మకు కట్టాడు.

"అంత కిందనా? ఎందుకురా?" అని అడిగాడు జువ్వ.

"మా అమ్మ గెంతుకుంటూ వచ్చేటట్టు" అన్నాడు మెత్తన్న.

పసుపయ్య ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

నీతి: పిల్లలందరి స్వభావం ఒకటి కాదు. అది తెలుసుకుని నేర్పితే చదువు అబ్బుతుంది. తెలుసుకోకుండా "నీకు రాదు" అంటే వచ్చిన విద్య కూడా పోతుంది.