జడ్జి కుర్చీ

సీతాపతి గారిని ప్రశ్న అడిగినవాళ్ళు జవాబు పట్టుకుని వెళ్ళరు, పని పట్టుకుని వెళ్తారు. గోదావరి జిల్లాలోని ఆ ఇంజినీరింగ్ కాలేజీలో ఈ సంగతి తెలియని పిల్లలు లేరు. ప్రోగ్రాములో పక్కన వివరణలు రాయడం ఎందుకండీ, దండగ కాదా అని ఒకసారి ఒక కుర్రాడు అడిగాడు. ఆయన వాదించలేదు. వాడే రెండో సంవత్సరంలో రాసిన ప్రోగ్రామును, పేరు తీసేసి, వాడి ముందు పెట్టి, ఇది ఏం చేస్తుందో కాస్త చూసి చెప్పు నాయనా అన్నారు. వాడు సాయంత్రం దాకా దానితో కుస్తీ పట్టి, అసలు ఇది రాసిన వెధవ ఎవడండీ అని విసుక్కున్నాడు. ఎవడో తెలిశాక వారం రోజులు స్టాఫ్ రూమ్ వైపు రాలేదు. అప్పటినుంచీ సార్‌ని ఏదైనా అడగాలంటే పిల్లలు ఒకటికి రెండుసార్లు ఆలోచించుకునేవారు.

హైందవి కూడా ఆలోచించుకునే వచ్చింది. నాలుగో సంవత్సరం పిల్ల. ఆయన దగ్గరే సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్‌లో పరిశోధన చేసి, విద్యార్థుల పరిశోధన పోటీలో ఫైనల్ దాకా వెళ్ళింది. ఆ కాలేజీ నుంచి అంతదూరం వెళ్ళినవాళ్ళు అంతకుముందు ఎవరూ లేరు. స్టాఫ్ రూమ్ గుమ్మంలో నిలబడి, బ్యాగు పట్టీ వేలికి చుట్టుకుంటూ, "సార్, జడ్జీలకి కనపడని తప్పు తప్పేనంటారా?" అని అడిగింది. ఆయన కళ్ళజోడు తీసి చూసేసరికి, "ఊరికే అడుగుతున్నానండి," అని కూడా అంది. ఊరికే అడిగే ప్రశ్నకి మనిషి మొహం అలా పాలిపోదు. ఆయనకి అది కనపడే ఉంటుంది. అయినా ఏమిటా తప్పు అని అడగలేదు. "శుక్రవారం మధ్యాహ్నం నీ రిహార్సల్ కదమ్మా, అప్పుడు చూద్దాం," అని ఊరుకున్నారు.

హైందవిని తొలుస్తున్నది ఇదీ. ప్రోగ్రాములు రాసేవాళ్ళు రోజూ వాటిలో ఏవో మార్పులు చేస్తూనే ఉంటారు. కొన్ని మార్పులు బాగుచేస్తాయి, కొన్ని ఎక్కడో ఓ మూల కొత్త తప్పును పుట్టిస్తాయి. హైందవి తయారుచేసిన టూల్ ఒక మార్పును చూడగానే, ఇది కొంప ముంచేలా ఉంది, మళ్ళీ చూసుకోండి అని ముందే హెచ్చరిస్తుంది. దానికి ఆ తెలివి పాత మార్పుల నుంచి వస్తుంది. వాటిలో చాలావరకు చూపించి నేర్పించాలి, కొన్నిటిని దాచి ఉంచి వాటితో పరీక్ష పెట్టాలి. పరీక్షలో ఆమె టూలుకి నూటికి తొంభై ఒకటి వచ్చాయి. ఆ అంకె చూసే ఆమెను ఫైనల్‌కి పిలిచారు. పోస్టరు మీద దాన్ని అరచేయంత పెద్దగా వేయించింది కూడా. అక్కడ మొదటి బహుమతి వస్తే ప్రపంచ స్థాయి పోటీకి పంపిస్తారు. కాలేజీ పేరు చెబితే అదెక్కడుంది అని అడిగించుకునే పిల్లకి, పరిశోధన చేయాలని చిన్నప్పటినుంచీ తపిస్తున్న పిల్లకి, అలాంటి తలుపు మళ్ళీ తెరుచుకుంటుందన్న నమ్మకం లేదు.

అంతా బాగుందనుకుంటున్న సమయంలో, జడ్జీల ముందు చూపించడానికి ముచ్చటగా ఉంటుందని, పాత మార్పులన్నిటినీ తేదీల వరసలో పేర్చింది. ముందువి నేర్పించి, తర్వాతివి అడిగింది. అరవై మూడు వచ్చాయి. ఏదో పొరపాటనుకుని మళ్ళీ చేసింది, మళ్ళీ అరవై మూడే. అప్పుడు తట్టింది. అందరూ చేసేట్టే తను కూడా మొదట్లో మార్పులన్నిటినీ పేకముక్కల్లా కలిపేసి పంచింది. పాఠాల్లో అలాగే చేయమంటారు, వీడియోల్లో అలాగే చూపిస్తారు. అలా కలపమని చెప్పే ఆ ఒక్క వాక్యం అందరి ప్రోగ్రాముల్లోనూ పైనే ఉంటుంది, ఎవరూ దాని వంక చూడరు. కానీ అలా కలిపేస్తే తేదీలు కూడా కలిసిపోతాయి. నిరుడు జరిగిన పొరపాటును కనిపెట్టమని అడుగుతూ, ఆ పొరపాటును ఈ ఏడు ఎలా దిద్దుకున్నారో ముందే చూపించేసిందన్నమాట. జవాబులు చూసి పరీక్ష రాసినవాడికి తొంభై ఒకటి రావడంలో వింతేముంది! తను ఎవరినీ మోసం చేయాలనుకోలేదు, ఆ మాట నిజం. తెలిసిన తర్వాత కూడా పోస్టరు మార్చలేదు, ఆ మాటా నిజమే. ఈ రెండిటి మధ్యా ఆ పిల్లకి నిద్ర లేదు, తిండి లేదు.

శుక్రవారం మధ్యాహ్నం సెమినార్ హాల్లో జూనియర్లు సందడిగా చేరారు. డిపార్ట్‌మెంటు హెడ్ భుజంగరావు గారు కూడా వచ్చి వెనక వరసలో కూర్చున్నారు. ఆయన అప్పటికే కాలేజీ గేటుకి కట్టించడానికి హైందవి ఫొటోతో ఫ్లెక్సీ వేయించారు. ఒక పక్కన బంగారు పతకం బొమ్మ కూడా పెట్టించారు, పతకం రాగానే మళ్ళీ వేయించే ఖర్చు ఉండకుండా. హైందవి స్టేజీ మీదకి వెళ్ళబోతుంటే సీతాపతి గారు చెయ్యి అడ్డం పెట్టారు.

"ఇవాళ నువ్వు చెప్పేదేం లేదమ్మా. నేను చెబుతాను. నువ్వు జడ్జివి," అంటూ ముందు వరసలో విడిగా వేసిన కుర్చీ చూపించారు. "ఈ పని చేసినమ్మాయి ఎవరో నీకు తెలియదు. అడగాల్సింది ఉంటే అడగాలి. అడగాల్సింది ఉండగా ఆ కుర్చీలోంచి లేవకూడదు."

పిల్లలు కిసుక్కుమన్నారు. హైందవి కూడా నవ్వబోయి కూర్చుంది. సీతాపతి గారు పోస్టరు పక్కన నిలబడి మొదలుపెట్టారు. ఆమె సాధన చేస్తుంటే ఎన్నోసార్లు విన్నారేమో, మాటకి మాట అవే. వాక్యానికోసారి "బేసికల్లీ" అనడం, గ్రాఫు చూపించేటప్పుడు మునివేళ్ళ మీద లేవడం, జడలేని తలని జడ వెనక్కి విసురుకున్నట్టు విదిలించడం, ఒక్కటీ వదల్లేదు. హాలు హాలంతా పగలబడి నవ్వింది. నవ్వుతూనే హైందవి వింటోంది. తన పని ఇంత బాగుందా అనిపించింది. తను చెబుతున్నప్పుడు తెలియలేదు గాని, కూర్చుని వింటుంటే కథలా సాగిపోతోంది. ఆయన తొంభై ఒకటి దగ్గరికి వచ్చి, ఆమెలాగే ఒక్క క్షణం ఆగి, ఆ అంకె మీద చెయ్యి పెట్టేసరికి చప్పట్లు మోగాయి. వెనకనుంచి భుజంగరావు గారు, "గోల్డ్ గ్యారంటీ అండీ, రాసిచ్చేస్తాను!" అన్నారు. హైందవి చేతులు ఒళ్ళోనే ఉండిపోయాయి.

"జడ్జి గారూ, ప్రశ్నలేమైనా ఉన్నాయా అండీ?" అన్నారు సీతాపతి గారు వినయంగా.

ఆమె గొంతు సవరించుకుని, ఈ టూల్ ఏ ఏ భాషల్లో రాసిన ప్రోగ్రాముల మీద పనిచేస్తుందని అడిగింది. ఆయన చెప్పారు. "ఇంకా అండీ?" అన్నారు. ఎంత వేగంగా పనిచేస్తుందని అడిగింది. అదీ చెప్పారు. "ఇంకా అండీ?" అన్నారు మళ్ళీ. అంతేనని తల ఊపుదామనుకుంది. తల ఊగలేదు. ఆయన స్టేజీ దిగలేదు, ఆమె కుర్చీలోంచి లేవలేదు. కాలేజీ బస్సుల హారన్లు వినపడుతున్నాయి. పిల్లలు బ్యాగులు సర్దుకుంటూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. సార్ నవ్వడం మానేసి, చేతులు కట్టుకుని, నిజంగానే ప్రశ్న కోసం చూస్తున్న పిల్లలా నిలబడ్డారు.

హైందవి స్టేజీ మీదకి చూసింది. అక్కడ ఉన్నది సార్ కాదు, తనే. అంత ధీమాగా నిలబడ్డ ఆ అమ్మాయిని చూస్తే మొదట భలే ముద్దొచ్చింది, తర్వాత ఒళ్ళు మండింది. ఎదుటివాళ్ళకి తెలియదులే అన్న ధైర్యంతోనే కదా ఆ అమ్మాయి అలా నిలబడింది! తెలిసిన మనిషి ఒకరు ఎదురుగానే కూర్చుని ఉన్నారు. ఇప్పుడు ఏమీ అడక్కుండా లేచి చప్పట్లు కొడితే తను ఏం జడ్జి?

"మీరు నేర్పించడానికి వాడిన మార్పులు... పరీక్షకి పెట్టినవాటి కంటే ముందు జరిగినవేనా అండీ?" అంది.

సీతాపతి గారు పోస్టరు వైపు తిరిగి, కళ్ళజోడు పైకి జరుపుకుని, దాన్ని మొదటినుంచీ చూశారు. గ్రాఫు చూశారు, కింద సన్నని అక్షరాల్లో ఉన్న పద్ధతి చదివారు. ఆయన మొహంలోంచి నాటకం మెల్లిగా దిగిపోవడం ముందు వరసలో ఉన్న హైందవికి స్పష్టంగా కనపడింది. ఇటు తిరిగి, "కాదండి. అన్నీ కలిపేశాను," అన్నారు చిన్నగా.

"వరసలో పెడితే ఎంత వస్తుందండీ?"

"అది నాకు తెలియదమ్మా," అన్నారాయన. ఈసారి అది సార్ గొంతే.

హైందవి లేచి నిలబడింది. "అరవై మూడు," అంది. అని, జూనియర్ల వైపు తిరిగి, పేకముక్కల సంగతి, తేదీల సంగతి, తను ఎప్పుడు కనిపెట్టిందో, కనిపెట్టీ ఎందుకు నోరు మూసుకుందో అంతా చెప్పేసింది. చెప్పాక ఆకలేసింది.

భుజంగరావు గారు గబగబా ముందుకి వచ్చారు. ఆయన చెడ్డ మనిషి కాదు, ఆ పిల్లకి పతకం వస్తే కన్నతండ్రిలా ఊరంతా చెప్పుకునే మనిషి. "ఏంటమ్మా ఇది, ఇంతదాకా వచ్చాక! అందరూ అలాగే కలుపుతారంటున్నావు కదా. అక్కడ ఎవరడుగుతారు? మన పిల్లల ముందే మనం బయట పెట్టుకోవడం దేనికి?" అన్నారు. సీతాపతి గారు ఆయనతో వాదించలేదు. స్టేజీ దిగి వచ్చి, ఖాళీ అయిన కుర్చీని కొంచెం వెనక్కి లాగి, "తమరు కూర్చోండి సార్. నేను మళ్ళీ మొదటినుంచీ చెబుతాను," అన్నారు. భుజంగరావు గారు ఆ కుర్చీ వంక చూశారు, వాచీ వంక చూసుకున్నారు. బస్సుకి టైమైందని వెళ్ళిపోయారు.

హాలు ఖాళీ అయ్యాక హైందవి అడిగింది. "సార్, మీకు ముందే తెలుసు కదండీ?"

"లేదమ్మా. గైడ్‌నని సంతకం పెట్టింది నేనే. కలపమనే ఆ వాక్యం వంద సార్లు చూసుంటాను, ఒక్కసారీ తట్టలేదు. నువ్వు గుమ్మంలో నిలబడి అడిగినప్పుడు, నీ దగ్గర ఏదో ప్రశ్న ఉందని మాత్రం తెలిసింది," అన్నారు. ఆ మాట అనడానికి ఆయన సిగ్గుపడుతున్నారని ఆమెకి అర్థమైంది. సార్‌ని అంతగా గౌరవించడం ఆమెకి అదే మొదలు. అంతకుముందు ఉన్నదంతా భయం.

పోస్టరు మళ్ళీ వేయించారు. తొంభై ఒకటి, అరవై మూడు పక్కపక్కనే, ఒకే సైజులో పెట్టించింది హైందవి. మొదటిది ఎలా వచ్చిందో, ఎందుకు నమ్మకూడదో కింద రాసింది. ఫైనల్ బెంగుళూరులో జరిగింది. పంపినప్పుడు ఒకటే అంకె ఉంది, ఇప్పుడు రెండున్నాయేమిటని ఒక జడ్జి అడిగారు. ఆమె తడబడకుండా చెప్పింది. ఆయన శ్రద్ధగా విని, థాంక్యూ చెప్పి పక్క పోస్టరుకి వెళ్ళారు. పక్క పోస్టరులో తొంభై నాలుగు ఉంది. ఆ కుర్రాడిని తేదీల సంగతి ఎవరూ అడగలేదు. సాయంత్రం బహుమతులు చదివినప్పుడు మూడు పేర్లలోనూ హైందవి పేరు లేదు. కాలేజీ గేటు దగ్గర ఫ్లెక్సీని, ఆమె ఊరు చేరేలోపే, భుజంగరావు గారు పాపం తనే దగ్గరుండి విప్పించారు.

తిరిగొచ్చిన రోజు నేరుగా స్టాఫ్ రూమ్‌కే వెళ్ళింది. ఆయన ఫ్లాస్కులోంచి టీ పోసి ఒక గ్లాసు ఆమె ముందుకి జరిపారు. ఆమె తాగలేదు. రైల్లో ఏడవకుండా దాచుకున్నదంతా అక్కడ వచ్చేసింది.

"అక్కడ ఎవరినీ ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు సార్. నేను తొంభై ఒకటే పెట్టి ఊరుకున్నా ఎవరికీ తట్టేది కాదండి. ఎవరికీ!"

సీతాపతి గారు ఆమె కళ్ళు తుడుచుకునేదాకా ఆగారు.

"జడ్జీలు ఎలాంటివాళ్ళమ్మా?"

"మంచివాళ్ళేనండి. ఓపిగ్గా విన్నారు."

"ఊఁ," అన్నారు ఆయన టీ గ్లాసు అందుకుంటూ. "ఆ సాయంత్రమే ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయి ఉంటారు. మన హాల్లో ఆ కుర్చీలో కూర్చున్న జడ్జి మాత్రం నీతోపాటే రైలెక్కి వచ్చేసింది."